పౌరసేవల హద్దు ఎక్కడ? ఫ్రిస్కో నుంచి వియన్నా దాకా ఒక లెక్క

ఒక బిడ్డ డాలస్ శివార్లలోనూ మరొక బిడ్డ మ్యూనిక్‌లోనూ స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇప్పుడు అరుదేమీ కావు. రెండు చోట్లా కొన్ని నెలలు గడిపి వచ్చిన తల్లిదండ్రులు చెప్పే మాటలు దాదాపు ఒకేలా ఉంటాయి. అమెరికాలో ఇల్లు విశాలంగా ఉంది, పిల్లల బడి బాగుంది, కానీ ఎవరో ఒకరు కారు తీస్తే తప్ప గడప దాటలేం. యూరప్‌లో ట్రామ్ ఎక్కి ఊరంతా తిరగవచ్చు, జబ్బు చేస్తే బిల్లు గురించి బెంగ లేదు, కానీ ఇల్లు ఇరుకు, ఆదివారం పాల ప్యాకెట్టు కొందామన్నా దుకాణం తెరిచి ఉండదు. ఈ పరిశీలనలన్నీ నిజమే. వాటికి మనం చెప్పుకునే కారణం మాత్రం అంత నమ్మదగినది కాదు.

అమెరికాలో ప్రభుత్వం చిన్నది, అంతా ప్రైవేటు. యూరప్‌లో ప్రభుత్వం పెద్దది, అంతా ఉచితం అన్నది వాడుకలో ఉన్న వివరణ. అయితే అమెరికాలో అత్యధిక శాతం పిల్లలు చదివేది ప్రభుత్వ బడుల్లోనే. గ్రంథాలయాలు, అగ్నిమాపక కేంద్రాలు, పార్కులు, జాతీయ రహదారులు ప్రభుత్వానివే. 65 ఏళ్లు నిండిన వారికి వైద్య బీమా ఇచ్చే మెడికేర్‌ను 1965లో తెచ్చింది కూడా కేంద్ర ప్రభుత్వమే. మరోవైపు జర్మనీలో వైద్యం ఉచితం కాదు. జీతంలో గణనీయమైన భాగం నెలనెలా దానికే పోతుంది. కాబట్టి ప్రభుత్వం ఎంత పెద్దది అనే ప్రశ్న కన్నా, ఒక్కొక్క సేవకు డబ్బు ఎంత విస్తీర్ణంలోని జనం నుంచి పోగవుతోంది, ఆ డబ్బు ఏ గీత దాటి వెళ్లదు అనే ప్రశ్న ఎక్కువ విషయాలను వివరిస్తుందని నా అభిప్రాయం. ఆ గీత ఎక్కడుందో చూడటానికి ఫ్రిస్కో మంచి ఉదాహరణ.

డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఫ్రిస్కో రెండు లక్షలకు పైగా జనాభా గల నగరం, తెలుగువారు పెద్ద సంఖ్యలో ఇళ్లు కొనుక్కున్న చోటు. దానికి దక్షిణాన ఆనుకొని ఉన్న ప్లేనోలో డాలస్ ప్రాంత ప్రజా రవాణా సంస్థ అయిన డార్ట్ రైలు నడుస్తుంది. ఇర్వింగ్‌లోనూ నడుస్తుంది, అక్కడి నుంచి విమానాశ్రయం దాకా వెళ్తుంది. ఫ్రిస్కోకు మాత్రం రాదు. అక్కడివారికి రైలంటే ఇష్టం లేకనో, నగరం దగ్గర డబ్బు లేకనో ఇలా జరిగిందనుకుంటే పొరపాటు. దీని మూలం టెక్సస్ పన్నుల చట్టంలో ఉంది. ఆ రాష్ట్రంలో అమ్మకపు పన్ను 6.25 శాతం రాష్ట్రానికి వెళ్తుంది. స్థానిక సంస్థలన్నీ కలిసి దానిపైన మరో 2 శాతానికి మించి వేయడానికి వీల్లేదు. డార్ట్‌లో సభ్యత్వం కావాలంటే నగరం ఆ రెండింటిలో ఒక శాతం డార్ట్‌కు వదులుకోవాలి. ఫ్రిస్కో తన రెండు శాతాన్నీ ఇప్పటికే పంచేసుకుంది: ఒక శాతం నగర సాధారణ ఖర్చులకు, అర శాతం పరిశ్రమలనూ కార్యాలయాలనూ రప్పించే ఆర్థికాభివృద్ధి సంస్థకు, మరో అర శాతం పార్కులు, క్రీడా మైదానాల వంటివి కట్టే సామాజికాభివృద్ధి సంస్థకు. ఇవాళ ఫ్రిస్కోలో కనిపించే స్టేడియాలు, కార్యాలయ భవనాల వెనుక ఆ చివరి ఒక శాతం పాత్ర చాలా ఉంది. రైలు కావాలంటే వాటిని పెంచిన డబ్బును కోసుకోవాలి. పొరుగున ఉన్న ఆలెన్, మెకిన్నీలు కూడా డార్ట్‌లో లేవు. డాలస్‌కూ ఫోర్ట్‌వర్త్‌కూ నడుమ ఉన్న ఆర్లింగ్టన్ జనాభా నాలుగు లక్షలకు దగ్గర. అక్కడి ఓటర్లు ప్రజా రవాణా పన్నును ఒకటికి రెండుసార్లు తిరస్కరించారు, ఇప్పుడు ఫోన్‌లో పిలిస్తే వచ్చే చిన్న వ్యాన్లతో నెట్టుకొస్తున్నారు. ఒకే మహానగరంలో పక్కపక్కనే ఉన్న ఊళ్లవి ఇలా వేరు కుంపట్లు కావడంతో, ఎవరి ఖజానాకు వారు మేలు చేసుకుంటారు, ఊరు దాటి వెళ్లాల్సిన బస్సు ఎవరికీ కాకుండా పోతుంది.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. కారు మీద ఆధారపడటం అమెరికన్ల స్వభావం అంటారు గానీ, ఆ స్వభావానికి ప్రభుత్వం పోసిన ఎరువు తక్కువేమీ కాదు. 1956 నాటి రహదారుల చట్టం కింద 41,000 మైళ్ల అంతర్రాష్ట్ర రహదారుల ఖర్చులో 90 శాతం కేంద్రమే భరించింది. ఒక నగరం రహదారి కట్టుకుంటే పది డాలర్లలో తొమ్మిది వాషింగ్టన్ నుంచి వస్తాయి, ట్రామ్ మార్గం వేసుకుంటే తన జేబులోంచి తీయాలి అన్నప్పుడు ఏ మేయరైనా దేన్ని ఎంచుకుంటాడో ఊహించవచ్చు. రహదారుల నిధికి ఆధారమైన కేంద్ర పెట్రోలు పన్ను 1993 నుంచి గ్యాలనుకు 18.4 సెంట్ల దగ్గరే ఆగిపోయింది. లోటును 2008 నుంచి సాధారణ ఖజానా పూడుస్తోంది. అంటే కారు నడపనివాడు కూడా రహదారికి డబ్బు కడుతున్నాడు. రహదారి విషయంలో అమెరికా గీత దేశమంత పెద్దది, బస్సు విషయంలో మాత్రం ఊరంతే.

ఇప్పుడు వియన్నా సంగతి. ఇరవై లక్షల జనాభా గల ఈ ఆస్ట్రియా రాజధాని 1922 నుంచి తనంతట తానే ఒక రాష్ట్రం కూడా. నగరపాలక మండలీ రాష్ట్ర శాసనసభా ఒకటే, మేయరే ముఖ్యమంత్రి. పన్ను వేయడానికి పైవాడి అనుమతి కోసం, కలిసి రావడానికి పక్కవాడి సమ్మతి కోసం ఎదురుచూడాల్సిన అవసరం ఈ ఏర్పాటులో చాలావరకు తప్పిపోయింది. 1970లో నగరం మెట్రో కోసం యజమానుల మీద ఒక చిన్న పన్ను వేసింది. 2012లో దాన్ని ఒక్కో ఉద్యోగికి వారానికి 2 యూరోలకు పెంచారు. ఉద్యోగులు వేళకు పనిలోకి రావడం వల్ల లాభపడేది సంస్థలే కాబట్టి కొంత ఖర్చు వారు భరించాలన్నది అందులోని తర్కం. అదే ఏడాది వార్షిక పాసు ధరను 449 నుంచి 365 యూరోలకు, అంటే రోజుకు ఒక యూరోకు తగ్గించారు. మెట్రో, ట్రామ్, బస్సు, ఊళ్లో తిరిగే సబర్బన్ రైలు అన్నింటికీ అదొక్కటే. స్టేషన్లలో అడ్డుగేట్లు ఉండవు; అప్పుడప్పుడు మామూలు దుస్తుల్లో తనిఖీ సిబ్బంది వచ్చి పాసు చూపమంటారు, లేకపోతే పెద్ద మొత్తంలో జరిమానా. ఇప్పుడు ఆ నగరంలో నమోదైన కార్ల కన్నా వార్షిక పాసులే ఎక్కువ. చవక పాసు ఒక్కటే ఈ మార్పు తేలేదు. వీధుల్లో కారు నిలపడానికి రుసుమును ఏటికేడు విస్తరించి, 2022 నాటికి దాదాపు నగరమంతటికీ వర్తింపజేశారు. చేతికి పాసు ఇస్తూ మరో చేత్తో పార్కింగ్ స్థలం లాక్కున్నారన్నమాట. యూరప్‌ను పొగిడేవారు ఈ రెండో చేతి ప్రస్తావన సాధారణంగా తీసుకురారు.

ఇళ్ల విషయంలో వియన్నా కథ మరింత పాతది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి ఆ నగరంలో కార్మికులు ఒక మంచాన్ని గంటల లెక్కన అద్దెకు తీసుకొని వంతులవారీగా పడుకునేవారు. 1919లో ఎన్నికైన సోషల్ డెమొక్రాట్లు 1923లో గృహ నిర్మాణ పన్ను తెచ్చారు. ఇల్లు ఎంత ఖరీదైనదైతే పన్ను శాతం అంత పెరిగేలా ఆర్థిక బాధ్యతలు చూసిన హ్యూగో బ్రైట్నర్ దాన్ని రూపొందించాడు. ఆ డబ్బుతో 1934లోపు అరవై వేలకు పైగా ఇళ్లు కట్టారు. 1930లో ప్రారంభమైన కార్ల్ మార్క్స్ హాఫ్ ఒక్కటే కిలోమీటరుకు పైగా పొడవు. 1,382 ఇళ్లు, వాటితోపాటు ఉమ్మడి చాకిరేవులు, స్నానశాలలు, శిశు పాఠశాలలు, గ్రంథాలయం ఉండేవి. నేడు నగరం చేతిలో ఉన్న ఇళ్లు సుమారు 2,20,000. పరిమిత లాభంతో నడిచే గృహ సంఘాల ఇళ్లను కూడా కలిపితే నగర జనాభాలో సగం మంది ఇలాంటి ఇళ్లలోనే ఉంటున్నారు. అందుకే అక్కడ ప్రభుత్వ ఇంట్లో ఉంటున్నానంటే ఎవరూ చిన్నచూపు చూడరు. ఉపాధ్యాయుడూ ట్రామ్ డ్రైవరూ ఒకే మెట్లు ఎక్కుతారు. అమెరికాలో ప్రభుత్వ గృహాలను అతి పేదలకే పరిమితం చేయడంతో అవి పేదరికానికి చిరునామాలయ్యాయి, వాటి మరమ్మతుల కోసం గొంతెత్తగల ఓటరు వాటిలో లేకుండా పోయాడు.

పట్టణం ఒకటే, సంస్థలు అనేకం అనే చిక్కు యూరప్‌కూ ఉంది. దాన్ని విప్పిన తీరు వేరు. 1965లో హాంబర్గ్‌లో ట్రామ్, మెట్రో, బస్సు, సబర్బన్ రైలు నడిపే వేర్వేరు సంస్థలు కలిసి ఒక రవాణా కూటమిగా ఏర్పడ్డాయి. ప్రయాణికుడికి ఒకే టికెట్టు, ఒకే సమయ పట్టిక. వచ్చిన డబ్బును సంస్థలు వెనుక గదిలో పంచుకుంటాయి. జర్మన్ నగరాలన్నింటికీ తర్వాత అదే నమూనా అయింది. శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో 27 రవాణా సంస్థలు ఉన్నాయి; అన్నింటికీ పనికొచ్చే కార్డు వచ్చింది గానీ, ఛార్జీల లెక్కలు ఎవరివి వారివే. హైదరాబాద్‌లో మెట్రో, ఎంఎంటీఎస్, ఆర్టీసీ బస్సులకు వేర్వేరు టికెట్లు కొనుక్కునే మనకు ఈ బాధ వేరే చెప్పనక్కర్లేదు.

బడుల దగ్గరికి వస్తే అమెరికా బలమూ బలహీనతా రెండూ ఒకే గీతలో ఉన్నాయి. ప్రభుత్వ బడుల నిధుల్లో సగానికి దగ్గరగా స్థానికంగా, ముఖ్యంగా ఆస్తి పన్ను రూపంలో వస్తాయి. ఇళ్ల ధర ఎక్కువైన చోట బడికి డబ్బు ఎక్కువ, బడి బాగున్న చోట ఇళ్ల ధర ఎక్కువ. ఒకదాన్నొకటి పైకి లాగుతుంటాయి. మనవాళ్లు ఇల్లు కొనేటప్పుడు పడకగదుల సంఖ్య కన్నా ముందు స్కూల్ డిస్ట్రిక్ట్, అంటే ఆ ఇల్లు ఏ బడుల పరిధిలోకి వస్తుందో చూడటం అందుకే. శాన్ ఆంటోనియోలోని ఒక పేద బడి పరిధిలోని తల్లిదండ్రులు ఈ పద్ధతిని సవాలు చేసి సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. విద్య అనేది కేంద్ర రాజ్యాంగం కింద ప్రాథమిక హక్కు కాదని 1973లో అయిదుగురు న్యాయమూర్తులు ఒకవైపు, నలుగురు మరోవైపు నిలిచి తీర్పు వచ్చింది. టెక్సస్ తర్వాత 1993లో సంపన్న డిస్ట్రిక్టుల నుంచి కొంత తీసి పేద డిస్ట్రిక్టులకు ఇచ్చే చట్టం చేసుకుంది. జర్మనీలో ఉపాధ్యాయుల జీతం రాష్ట్రం ఇస్తుంది కాబట్టి వీధిని బట్టి బడి స్థాయి అంతగా మారదు. కానీ అక్కడ మరో గీత ఉంది. చాలా రాష్ట్రాల్లో నాలుగో తరగతి పూర్తికాగానే, అంటే పదేళ్ల వయసులో, విశ్వవిద్యాలయం వైపు నడిపించే గిమ్నాజియంకు వెళ్లేదెవరో మరో రకం బడికి వెళ్లేదెవరో తేల్చేస్తారు. తర్వాత మారే దారులు ఉన్నా అవి సులువైనవి కావు. ఇంట్లో జర్మన్ మాట్లాడని పిల్లలకు మరీ కష్టం. పద్నాలుగేళ్లకు కళ్లు తెరిచే పిల్లవాడికి అమెరికా హైస్కూలే దయగల చోటు అని నాకనిపిస్తుంది.

అన్నింటికన్నా లోతైన తేడా వైద్యంలో ఉంది. జర్మనీలో ఛాన్సలర్ బిస్మార్క్ 1883లో కార్మికుల ఆరోగ్య బీమా చట్టం తెచ్చాడు. సోషలిస్టుల బలం తగ్గించడానికే ఆ పని చేశాడన్నది వేరే సంగతి. ఇప్పుడు జీతంలో 14.6 శాతం, దానిపైన బీమా సంస్థను బట్టి మరికొంత అదనపు శాతం, ఉద్యోగీ యజమానీ చెరిసగం కడతారు. సంపాదన లేని భార్యకో భర్తకో, పిల్లలకో వేరే ప్రీమియం లేదు. ఆసుపత్రిలో చేరితే రోజుకు 10 యూరోలు, అదీ ఏడాదికి 28 రోజుల వరకే. బీమా మనిషిని అంటిపెట్టుకొని ఉంటుంది. ఉద్యోగం పోతే నిరుద్యోగ భృతి ఇచ్చే వ్యవస్థే చందా కడుతుంది.

అమెరికాలో బీమా ఉద్యోగాన్ని అంటిపెట్టుకొని ఉంటుంది. ఇది ఎవరూ పథకం వేసి చేసినది కాదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1942లో, ధరలు పెరగకుండా జీతాలను స్తంభింపజేశారు. ఆరోగ్య బీమా వంటి సదుపాయాలకు ఆ కట్టడి నుంచి మినహాయింపు ఉండటంతో పనివారిని ఆకర్షించడానికి కంపెనీలు బీమా ఎర వేశాయి. 1954 నాటి పన్నుల చట్టం ఆ మొత్తాన్ని ఆదాయపు పన్ను నుంచి మినహాయించి దాన్ని స్థిరపరిచింది. దాని ఫలితం హెచ్1బి వీసా మీద ఉన్న తెలుగు ఇంజనీరుకు లేఆఫ్ నాడు తెలుస్తుంది. కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికి గరిష్ఠంగా 60 రోజుల గడువు, అదే వేళ బీమా కొనసాగాలంటే యజమాని వాటాతో సహా మొత్తం ప్రీమియాన్ని, పైన మరో రెండు శాతాన్ని తానే కట్టుకునే కోబ్రా పథకం. వీసా, జీతం, వైద్యం మూడూ ఒకే కొక్కేనికి వేలాడుతున్నప్పుడు ఆ కొక్కెం ఊడితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

ఉద్యోగం ఉన్నవారికి కూడా గీతలు తప్పవు. వైద్యం జరిగిన కొన్ని వారాలకు బీమా సంస్థ నుంచి ఒక కాగితం వస్తుంది. ‘ఇది బిల్లు కాదు’ అని దాని మీద అచ్చువేసి ఉంటుంది. కింద ఆసుపత్రి అడిగిన మొత్తం, ఒప్పందం ప్రకారం తగ్గిన మొత్తం, బీమా ఇచ్చినది, మీరు బాకీ పడవచ్చునన్న మొత్తం వరుసగా ఉంటాయి. అసలు బిల్లు వేరే కవర్లో వస్తుంది. ఆసుపత్రి నెట్‌వర్క్‌లో ఉండి మత్తుమందు ఇచ్చిన డాక్టరు నెట్‌వర్క్‌లో లేకపోయినా రోగి దివాలా తీసే పరిస్థితి ఉండేది. 2022 జనవరిలో అమల్లోకి వచ్చిన చట్టం ఇలాంటి ఊహించని బిల్లులను చాలావరకు ఆపింది. హెలికాప్టర్ అంబులెన్సును కూడా ఆ చట్టం కిందకు తెచ్చారు గానీ, రోడ్డు మీద నడిచే మామూలు అంబులెన్సును మాత్రం వదిలేశారు. వాటిలో చాలావరకు ఊళ్లూ కౌంటీలూ నడిపేవే, ఒక్కో చోట ఒక్కో లెక్క. మళ్లీ అదే గీత.

ఇంతవరకు చదివినవారికి యూరప్‌దే పైచేయి అనిపించవచ్చు. చక్రాల కుర్చీలో ఉన్న మనిషిని అడిగితే అలా చెప్పడు. 1990 నాటి అమెరికన్ దివ్యాంగుల చట్టం ప్రవేశాన్ని పౌరహక్కుగా గుర్తించింది. ర్యాంపు లేని కార్యాలయం మీద, ఎక్కలేని బస్సు మీద దావా వేయవచ్చు. అది దేశమంత పెద్ద గీత, కాబట్టి పనిచేసింది. ప్యారిస్ మెట్రోలో చక్రాల కుర్చీతో మొదటి నుంచి చివరి దాకా వెళ్లగలిగిన మార్గం 14వ లైను ఒక్కటే. న్యూయార్క్ సబ్‌వే పాత స్టేషన్లలో అధిక భాగానికీ లిఫ్టు లేని మాట నిజమే అయినా, అమెరికాలో ఏ చిన్న ఊరి బస్సైనా వంగి పలక దింపుతుంది. గ్రంథాలయాల్లోనూ అమెరికాదే ముందంజ. ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ డబ్బుతో ఆ దేశంలో కట్టిన 1,689 గ్రంథాలయ భవనాలు మొదలుపెట్టిన అలవాటును ఊళ్లు తమ పన్నులతో నిలబెట్టుకున్నాయి. నివాస రుజువు చూపితే అప్పటికప్పుడు కార్డు, రుసుము లేదు. జర్మన్ నగరాలు అనేకం పెద్దవారి దగ్గర ఏడాది రుసుము తీసుకుంటాయి. దాహమేస్తే అమెరికా భవనాల్లో నీటి కుళాయి ఉంటుంది, హోటల్లో అడగకుండానే మంచినీళ్లు పెడతారు. జర్మనీ హోటల్లో నీళ్లు సీసా లెక్కన కొనాలి. జర్మన్ రహదారి పక్కన మరుగుదొడ్డికీ చిల్లర సిద్ధంగా పెట్టుకోవాలి.

యూరప్ సేవల గీత ఊళ్ల మధ్య కన్నా లోపలివారికీ కొత్తగా వచ్చినవారికీ మధ్య ఎక్కువగా పడుతుంది. వియన్నా నగరపాలక ఇంటికి దరఖాస్తు చేయాలంటే ముందు రెండేళ్లు నగర నివాసిగా నమోదై ఉండాలన్న షరతు ఉంది. యూరప్ బయటి పౌరులకు ఆ ఇళ్ల తలుపు 2006లో గాని తెరుచుకోలేదు. స్టాక్‌హోమ్‌లో నియంత్రిత అద్దె ఇంటి కోసం ఏళ్ల తరబడి వరుసలో ఉండాలి; వరుసలో పేరు లేనివారు అసలు అద్దెదారు దగ్గర మళ్లీ అద్దెకు తీసుకొని, ఎక్కువ చెల్లించి ఉంటారు. జర్మనీలో దిగిన రెండు వారాల్లో నివాసం నమోదు చేయించుకోవాలి, దానికి ఇంటి యజమాని సంతకం చేసిన పత్రం కావాలి, నమోదు లేనిదే పన్ను సంఖ్య రాదు, మంచి ఇల్లు దొరకాలంటే ముందే జీతం పత్రాలూ పరపతి నివేదికా చూపాలి. తీరా దొరికిన ఇంట్లో వంటగది అంటే నాలుగు గోడలూ ఒక నీటి గొట్టమూ మాత్రమే కావచ్చు. సింకు, పొయ్యి, అల్మారాలు అద్దెకు వచ్చినవారే కొనుక్కొని బిగించుకోవాలి, వెళ్లేటప్పుడు ఊడదీసుకొని పోవాలి లేదా తర్వాత వచ్చేవారికి అమ్మాలి. పదిహేనేళ్లు ఒకే ఇంట్లో ఉండేవారిని దృష్టిలో పెట్టుకొని కట్టిన వ్యవస్థ అది. రెండేళ్ల కాంట్రాక్టు మీద వచ్చినవారికి అది గుండె గుభేల్‌మనే ఖర్చు.

వీధుల భద్రతలో లెక్కలు నిర్మొహమాటంగా ఉన్నాయి. 2023లో అమెరికా రోడ్ల మీద సుమారు 40,900 మంది చనిపోయారు. అంతకన్నా ఎక్కువ జనాభా గల యూరోపియన్ యూనియన్‌లో చనిపోయినవారు దాదాపు 20,400. వేగమైన వెడల్పు రోడ్లు, కాలిబాట లేని శివార్లు, బరువైన వాహనాలు దీనికి కారణాలు. ఇది అమెరికా తలరాత కాదనడానికి మన్‌హటన్‌కు ఎదురుగా హడ్సన్ ఒడ్డున ఉన్న హోబోకెన్ రుజువు. ఆ చిన్న నగరంలో కూడలి మలుపుల దగ్గర కార్లు నిలపకుండా అడ్డుకట్టలు పెట్టి, దాటేవారు డ్రైవరుకు కనిపించేలా చేశారు, వేగ పరిమితి తగ్గించారు. 2017 తర్వాత ఏడేళ్లకు పైగా అక్కడ ఒక్క రోడ్డు మరణమూ నమోదు కాలేదు. కూడళ్లలో చాలావరకు నగరం చేతిలోనే ఉన్నాయి కాబట్టి పక్క ఊరితో బేరం అక్కరలేకపోయింది.

యూరప్ ఏర్పాట్లు కూడా బీటలు వారుతున్నాయి. 2024లో జర్మనీ దూరప్రాంత రైళ్లలో వేళకు చేరినవి 62.5 శాతమే, అదీ ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని ఆలస్యంగా లెక్కించకపోతే. ఏళ్ల తరబడి పట్టాల మరమ్మతులు వాయిదా వేసిన ఫలితమిది. వియన్నా రోజుకు ఒక యూరో పాసు 2025తో ముగిసింది; నగర బడ్జెట్టు లోటు చూపి 2026 జనవరి నుంచి ధరను 460 యూరోలు దాటించారు.

అమెరికాలో ఇప్పుడు గీత గురించి బాహాటంగా వాదన జరుగుతున్నది న్యూయార్క్‌లో. మన్‌హటన్‌లో 60వ వీధికి దక్షిణాన ప్రవేశించే కార్ల మీద 2025 జనవరి 5 నుంచి రద్దీ వేళల్లో 9 డాలర్ల రుసుము వసూలు చేస్తున్నారు. లండన్ 2003లోనే చేసిన పని ఇది. న్యూయార్క్ రాష్ట్రం 2019లో చట్టం చేసినా, అమలుకు ఆరేళ్లు పట్టింది, 15 డాలర్లనుకున్నది 9కి తగ్గింది. ఆ డబ్బును హామీగా పెట్టి తెచ్చే అప్పుతో సబ్‌వే సిగ్నళ్లూ లిఫ్టులూ బాగుచేస్తారు. నిధుల్లో 80 శాతం నగర సబ్‌వే, బస్సులకు, పదేసి శాతం చొప్పున లాంగ్ ఐలండ్ రైలుకూ మెట్రో నార్త్ రైలుకూ కేటాయించారు. నది అవతలి న్యూజెర్సీ 2023లోనే దీని మీద కోర్టుకెక్కింది. ఎడిసన్ నుంచి కారులో మన్‌హటన్‌కు వచ్చే ఉద్యోగి ఈ రుసుము కడతాడు. కారు మానేసి అతడు ఎక్కాల్సిన న్యూజెర్సీ ట్రాన్సిట్ రైలుకు మాత్రం ఆ కేటాయింపుల్లో ఒక్క శాతమూ లేదు.